ఎర్ర కవర్లకు రసీదు లేదు

2018 మొదట్లో కంపెనీ నన్ను దోహా హెడ్డాఫీసు నుంచి తీసి, అల్ వక్రా వైపు కడుతున్న ఒక స్టేడియం పనికి క్వాలిటీ మేనేజరుగా వేసింది. ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు ఇంకా నాలుగేళ్ళకు పైనే ఉంది. కానీ సైటులో ఎవరిని కదిపినా ఎల్లుండే ఆట మొదలన్నట్టు పరుగులు పెట్టేవాళ్ళు. నా కింద ఎనిమిది మంది ఇన్‌స్పెక్టర్లు. నా పైన లెబనాన్ నుంచి వచ్చిన ప్రాజెక్ట్ డైరెక్టర్. మా అందరి పైన కన్సల్టెంటు, అంటే యజమాని తరఫున మా పనిలో తప్పులు పట్టడానికే జీతం తీసుకునే సంస్థ.

క్వాలిటీ మనిషి పని ఒక్క ముక్కలో చెప్పాలంటే అనుమానించడం. సిమెంటు బస్తా మీది రాత నమ్మకూడదు, వెల్డరు మాట నమ్మకూడదు, సప్లయర్ పంపిన సర్టిఫికెట్ అసలే నమ్మకూడదు. కాగితం మీద లేని పని జరగనట్టే లెక్క. ముప్పై ఏళ్ళు ఈ పాఠం వల్లించీ వల్లించీ నా బుద్ధి ఎంత వంకర తిరిగిందంటే, అల్ హిలాల్‌లో మా ఫ్లాటు కింద కొట్లో పెరుగు డబ్బా కొన్నా తారీఖు రెండుసార్లు చూసేవాణ్ణి. "నన్ను కూడా టెస్ట్ సర్టిఫికెట్ చూసే చేసుకున్నారేమో!" అని మా ఆవిడ ఎత్తిపొడిచేది.

ఆ స్టేడియం మెట్లకు పెట్టే స్టెయిన్‌లెస్ స్టీల్ రెయిలింగులు దక్షిణ చైనాలోని ఒక ఫ్యాక్టరీ నుంచి రావాలి. స్టెయిన్‌లెస్‌లో రకాలున్నాయి. వంటింటి గిన్నెల్లాంటి వాటికి వాడేది 304. మాకు కావలసింది 316. అందులో మాలిబ్డినం అనే లోహం కలుస్తుంది కాబట్టి సముద్రపు ఉప్పుగాలికి తట్టుకుంటుంది, ధర కూడా ఎక్కువ. కంటికి రెండూ ఒకటే. 304 అంటగట్టి 316కు బిల్లు వేసే ఘనులకు లోకంలో కొదవ లేదు. అందుకని సరుకు ఓడెక్కే ముందు మా మనిషి ఫ్యాక్టరీకి వెళ్ళి, పిస్తోలు ఆకారంలో ఉండే ఎక్స్‌రే యంత్రాన్ని గొట్టాలకు ఆనించి, లోపల ఏముందో చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే సరుకు గేటు దాటదు.

మొదటి లాటు చూడటానికి నేను అజీజ్‌ను పంపాను. జగిత్యాల వాడు, ముప్పై ఐదేళ్ళుంటాయి. హెల్పరుగా వచ్చి, ఎండలో ఇనుప చువ్వలు మోసి, డ్యూటీ దిగాక చదువుకుని వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు పరీక్ష పాసైన మనిషి. కన్సల్టెంటు ఆమోదించిన ఇన్‌స్పెక్టర్ల జాబితాలో పేరు ఎక్కడమంటే మాటలు కాదు. ఆ పేరు కోసం అతను మూడుసార్లు ఇంటర్వ్యూకు కూర్చున్నాడు.

చైనా నుంచి వచ్చిన మర్నాడు ప్యాకింగ్ ఫొటోలు చూడమని తన ఫోను నా చేతికిచ్చాడు. ఫ్యాక్టరీ ఎగుమతుల విభాగంలో లిన్ అనే ఆవిడతో అతను మాట్లాడిందంతా అక్కడి వాళ్ళ మెసేజ్ యాప్‌లో ఉంది. చైనాలో ఆ యాప్‌తోనే కబుర్లు చెప్పుకుంటారు, దానితోనే కూరగాయలు కొంటారు. నేను వేలితో జరుపుకుంటూ పోయాను. ఫొటోల మధ్య ఎర్ర కవరు బొమ్మలు కనిపించాయి. ఒకదాని కింద ఒకటి ఆరు, ఒక్కొక్కటీ రెండు వందల యువాన్లు. మన పెళ్ళిళ్ళలో చదివింపుల కవర్లలా వాళ్ళు శుభకార్యాలకు ఎర్ర కవర్లో డబ్బు పెట్టి ఇస్తారని నాకు తెలుసు. సప్లయరు ఇన్‌స్పెక్టరుకు ఇచ్చే కవరుకు మా వృత్తిలో ఒకటే పేరు.

ఏమిటివని అడిగాను. అతని మొహంలో రంగు మారింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందే అనుకున్నాను.

"నా పైసలే సార్" అన్నాడు. "ఆడ నోటు ఎవ్వడు తీసుకుంటలేడు. టాక్సీల గూడ ఫోనే. మన కార్డు ఆ యాప్‌ల ఎక్కది. నేను నోట్లు ఆమె చేతికిచ్చిన, ఆమె నా ఫోన్‌ల ఏసింది. కవరుకు రెండొందల కంటె ఎక్కువ పట్టయి, అందుకే ఆరు. గంతే సార్."

"రసీదేదీ?"

"గిసొంటిదానికి రసీదెవరిస్తరు సార్?"

కాగితం లేదు కాబట్టి నోట్లు ఇవ్వడం జరగలేదు, కవర్లు తీసుకోవడం మాత్రం జరిగింది. నేను అలాగే రాశాను. సాయంత్రానికి రిపోర్టు డైరెక్టరు బల్ల మీదుంది. అజీజ్‌ను డ్యూటీ నుంచి ఆపేశారు, కన్సల్టెంటు జాబితాలో అతని పేరును పక్కన పెట్టారు. రెండో లాటు నేనే వెళ్ళి చూసి తుది రిపోర్టు ఇవ్వాలని, దాన్నిబట్టి అతని వీసా సంగతి తేల్చాలని నిర్ణయమైంది. ఆ రోజుల్లో కతర్‌లో కంపెనీ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, ఇవ్వకపోతే ఇంకో కంపెనీలో చేరడం కుదరదు. లంచం మరకతో పంపించేస్తే ఎన్‌ఓసీ మాట దేవుడెరుగు, ఏ దేశంలోనూ ఇన్‌స్పెక్టరుగా పెట్టుకోరు. తిరిగి ఇనుప చువ్వలే.

మొదటి లాటు ఓడ వచ్చాక గొట్టాలన్నీ మళ్ళీ పరీక్ష చేయించాను. అన్నీ 316. నేను మెత్తబడ్డానా? లేదు. మొదటి లాటు మంచిది పంపి నమ్మించి, రెండో లాటులో ముంచుతారేమో అనుకున్నాను. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు.

ప్రయాణానికి ముందు ఫ్యాక్టరీ వాళ్ళు ఒక షరతు పెట్టారు. ఈమెయిల్ ఎవరూ చూడరట, ఏం మాట్లాడినా ఆ యాప్‌లోనే. సరేనని ఫోనులో పెట్టుకోబోతే, కొత్త ఖాతా తెరవాలంటే పాత ఖాతా ఉన్న వాళ్ళెవరైనా తమ ఫోనుతో ఈ కోడ్ స్కాన్ చేసి పూచీ పడాలంది. ఆఫీసంతా వెతికాను. ఒకరికి ఖాతా లేదు, ఇంకొకరిది నిన్నగాక మొన్న తెరిచింది. పనికొచ్చే పాత ఖాతా ఉన్నది ఒక్క అజీజ్‌కే.

వారం రోజులు వాయిదా వేసి, ఒక శుక్రవారం నమాజు అయ్యాక ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలో అతను ఉండే విల్లాకు వెళ్ళాను. ఒక్కో గదిలో నలుగురు. తలుపు తీసింది అతని గదిలోనే ఉండే రాజన్న. నిర్మల్ మనిషి, వేరే కంపెనీలో పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పని.

"ఏం సారు, ఇంకేమన్న రాసేదున్నదా?" అన్నాడు.

"చుప్ రాజన్నా, ఇంటికొచ్చిండు" అని అజీజ్ లేచి కుర్చీ జరిపాడు. కూర్చోకుండానే వచ్చిన పని చెప్పాను. అతను నా ఫోను తీసుకుని, కోడ్‌కు తన ఫోను ఆనించి, తెర మీద వచ్చింది చదివాడు.

"ఈ మనిషి నీకు ఎరికేనా, నిజమైనోడేనా అని అడుగుతుంది సార్."

రాజన్న పకపకా నవ్వాడు. అజీజ్ నవ్వలేదు. నా వంక ఒక్క క్షణం చూసి బొత్తాం నొక్కాడు.

"ఎరికే అని కొట్టిన. ఒక్క మాట సార్. మొదటి రోజే నోట్లు లిన్ మేడమ్‌కియ్యండి. లేకుంటే ఆకలికి సస్తరు."

సిగ్గుపడాల్సిన చోట కూడా నాకు అనుమానమే వచ్చింది. నన్నూ ఆ బురదలోకి దింపి నోరు మూయించే ఎత్తేమో ఇది అనుకుంటూ కారెక్కాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

చైనాలో దిగాక ఎవరినీ నమ్మకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఫ్యాక్టరీ వాళ్ళు కారు పంపుతామంటే వద్దన్నాను. వాళ్ళ క్యాంటీన్లో తినను, ఎందుకంటే సప్లయరు అన్నం కూడా తాయిలమే. హోటలు గది కార్డు మీద ఇచ్చారు, అంతటితో నా కార్డు పని అయిపోయింది. వీధి చివర నూడుల్స్ కొట్టు ముసలాయనకు వంద యువాన్ల నోటు చూపిస్తే, చిల్లర లేదన్నట్టు చెయ్యి ఊపి గోడకు అంటించిన కోడ్ చూపించాడు. ఇంకో కొట్లోనూ అదే తంతు. యాప్‌లో నా కతర్ కార్డు నంబరు నాలుగుసార్లు కొట్టాను, నాలుగుసార్లూ తిప్పికొట్టింది. జేబు నిండా నోట్లు పెట్టుకుని, సూట్‌కేసులోని బిస్కెట్లు తిని, ట్యాప్ నీళ్ళు కాచుకుని తాగి పడుకున్నాను. మర్నాడు ఫ్యాక్టరీకి ఐదు కిలోమీటర్లు నడిచే వెళ్ళాను.

మధ్యాహ్నానికి ఆకలికి ఆగలేక యంత్రం పక్కన పెట్టి గొట్టాల కట్ట మీద కూలబడ్డాను. లిన్ అనే ఆ సన్నపాటి ఆవిడ అది చూసి, తన భాషలో ఏదో టైపు చేసి ఇంగ్లీషులోకి మార్చి నాకు చూపింది. మీ అజీజ్ కూడా మొదటి రోజు ఇలాగే చేశాడు, నోట్లు ఇవ్వండి, అతనికి చేసినట్టే మీకూ చేస్తాను అని ఉంది అందులో.

ఫ్యాక్టరీ ముద్రతో రసీదు ఇస్తేనే ఇస్తానన్నాను. ఆవిడ నన్ను కాస్త జాలిగా చూసింది. ఈ డబ్బు నా సొంత ఖాతాలోంచి వస్తుంది, ఫ్యాక్టరీ ముద్ర వేస్తే ఫ్యాక్టరీయే ఇన్‌స్పెక్టరుకు డబ్బు ఇచ్చినట్టు కాగితం పుడుతుంది, అది మీకు క్షేమమా అని అడిగింది. రసీదు ఉంటే నేను లంచగొండిని, లేకపోతే అజీజ్‌ను.

ఆరు వందలు ఆవిడ చేతిలో పెట్టాను. నా ఫోనులో మూడు ఎర్ర కవర్లు, ఒకదాని కింద ఒకటి, వచ్చి కూర్చున్నాయి. ఆ సాయంత్రం ముసలాయన కొట్లో రెండు గిన్నెల నూడుల్స్ తిన్నాను. తింటుంటే అజీజ్ గుర్తొచ్చాడు. ఎంత పని చేశానురా దేవుడా అనుకున్నాను.

రెండో లాటు కూడా అసలు సిసలు 316. వెల్డింగు సరిగా లేని నాలుగు ముక్కలు తిప్పి పంపి, మిగతా వాటికి సంతకం పెట్టి దోహా వచ్చాను.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరు బల్ల మీద నా ఫోను తెరిచి పెట్టాను. ఆయన మూడు కవర్లూ చూసి, నూడుల్స్ బాగున్నాయా అని నవ్వాడు. ఇవీ అజీజ్ కవర్లూ ఒకటే అన్నాను. తేడా ఉందన్నాడాయన: అతను ఇన్‌స్పెక్టరు, మీరు మేనేజరు, మీరు ఆరు వందల కోసం గడ్డి తినరు. పైగా వీసా రద్దు కాగితాలు తయారుగా ఉన్నాయి, తుది రిపోర్టు ఒక్కటే తరువాయి, ఇప్పుడెందుకీ తలనొప్పి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మండింది ఆయన మీద కాదు. రెండు నెలల కిందట నేను ఉన్న తీరు ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుంది.

తుది రిపోర్టులో, నా మొదటి రిపోర్టుకు ఆధారం లేదని, దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. నా మూడు కవర్ల ఫొటో జత చేశాను. అజీజ్‌ను పంపించేస్తే అదే కారణంతో నన్నూ పంపించాలని చివరి వాక్యం. డైరెక్టరు దాన్ని రెండు రోజులు బల్ల మీదే ఉంచాడు. మూడో రోజు సంతకం పెట్టాడు. జాబితాలో అజీజ్ పేరు తిరిగి ఎక్కడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. కన్సల్టెంటు అతన్ని నాలుగోసారి ఇంటర్వ్యూకు కూర్చోబెట్టింది.

డ్యూటీకి వచ్చిన రోజు గదిలోకి పిలిచి, తప్పు నాదేనని చెప్పాను. అతను నిలబడే విన్నాడు.

"సార్, మీకు రసీదు ఇచ్చిన్రా?"

లేదన్నాను.

"మిమ్మల్నెవరన్న అడిగిన్రా?"

ఎవరూ అడగలేదన్నాను. తల ఊపి, "యల్లా సార్, పోతున్న. సైట్ల ఇన్‌స్పెక్షనుంది" అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండేళ్ళు నా కింద పనిచేశాడు. ఎన్నడూ మాట తూలలేదు, పనిలో వంక పెట్టడానికి వీలుండేది కాదు. కానీ ఫోను మాత్రం మళ్ళీ ఎప్పుడూ నా చేతికివ్వలేదు. ఏ ఫొటో అడిగినా ప్రింటు తీసి, తారీఖు వేసి, సంతకం పెట్టి, ఫైల్లో పెట్టి తెచ్చేవాడు.

అనుమానించడం మా వృత్తి, దాన్ని నేను మానలేదు. కింది వాణ్ణి ఏదైనా అడిగే ముందు, అదే ప్రశ్న నన్నెవరైనా అడిగారా అని చూసుకోవడం మాత్రం ఆ ఏడాది నేర్చుకున్నాను. రిటైరయ్యే దాకా దాన్ని నియమంగా పెట్టుకున్నాను. అజీజ్ విషయంలో అది రెండు నెలలు ఆలస్యంగా వచ్చింది.