పైకొచ్చిన పార

నమ్మకపోతే మానండి. కానీ ఆ రాత్రి తాడు పట్టుకున్న చేతులు ఇవే. ఇప్పటికీ తలుచుకుంటే వీటికి చెమట పడుతుంది.

తెల్లదొరల కాలం. బందరు బజారు కింద మనిషి నిలబడి నడిచేంత ఇటుకల తూము ఉండేది. ఊరి మురుగంతా అందులోంచే ఉప్పుటేటికి పోవాలి. గాలివానకి అది పూడిపోయింది. సముద్రం ఆటుకి ఏటిలో నీరు తీసినప్పుడే లోపలికి దిగగలం. ఆ వారం ఆటు రాత్రిపూట వచ్చింది. మళ్లీ పోటు తగిలేలోగా బయటపడాలి.

దిగేవాడు మా అక్క మొగుడు, ఇశ్రాయేలు బావ. అబ్బ, ఆయన పని చూడాలండీ! ముందు రోజే మూతలన్నీ తీయించి గాలి ఆడనిచ్చేవాడు. తర్వాత తాడుతో దీపం దించేవాడు. అది మినుకుమంటే చాలు, దొర వచ్చి అరిచినా దిగడు. దిగాడంటే మాత్రం గోడలు కడిగిన పళ్లెంలా ఉండాల్సిందే. "మూల్లో గుప్పెడు బురదొదిలితే అదే రేపు కొండవుద్దిరా" అనేవాడు.

బురదంతా గోకి బొక్కెనలకెత్తాక, నడుం తాడు విప్పి పారకి కట్టేవాడు. నేను పార పైకి లాగేవాణ్ణి. తను దిగువనున్న మరో మూత గుంతలోంచి బయటికొచ్చేవాడు. పార వచ్చిందంటే పని అయిపోయినట్టే. అప్పుడు ఎగువన నీళ్లు ఆపి ఉంచిన చెక్క తలుపు సాంబయ్య ఎత్తేవాడు. ఆ వరద మిగిలిన మురుగుని ఊడ్చుకుపోయేది. తూములో కేక వినపడదు, ఇనుప మోతే వినపడుతుంది. అందుకని పార ఇటుక మీద ఠంగుమంటే తలుపు ముట్టకూడదు. అది మా కట్టుబాటు.

ఆ రాత్రి పార వచ్చింది. నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను.

"సాంబయ్యా, ఎత్తెయ్!"

తలుపు కిర్రుమంది. అప్పుడు...

ఠంగ్.

కింద నుంచి.

వంగి చెవి ఒగ్గాను. ఏమీ లేదు... మళ్లీ... ఠంగ్. ఇటుకకి ఇనుము తగిలిన చప్పుడు. బుద్ధెరిగినప్పటి నుంచి వింటున్నది, పొరపడే సమస్యే లేదు.

"ఆపు! దించెయ్!" అని అరిచి, దీపం పట్టుకుని లోపలికి దూకాను. అక్కకి ఏం చెప్పాలి... మనసులో అదొక్కటే. చప్పుడు ముందు... నేను వెనక. వంపు దగ్గరికి వెళ్లగానే ఆగిపోయింది.

అక్కడ బావ. కాలి మీద ఊడిపడ్డ ఇటుకలు. అప్పటికే జారిన నీళ్లు నడుం దాకా. ఇటుకలు లాగేసి, భుజాన వేసుకుని ఎలా బయటపడ్డానో నాకే తెలియదు.

గట్టు మీద కాస్త తేరుకుని, "వంపులో ఇంత బురద మిగిలిందని చేత్తో తీద్దామని వెనక్కెళ్లానురా... తీసేశాలే" అన్నాడు. చావు తప్పి కన్ను లొట్టపోయినా ఆ బురద గొడవే! అలాంటి మనిషిని మళ్లీ చూడలేదు.

"మంచిపని చేశావు బావా, గట్టిగా కొట్టావు. అదే నిన్ను కాచింది."

బావ నా వంక వింతగా చూశాడు. "నేనా? దేంతో కొడతాను? పార నీకు పంపానుగా... నువ్వే కొడుతున్నావనుకున్నా. ఆ చప్పుడు వింటూనే స్పృహ నిలబెట్టుకున్నా."

వెనక్కి తిరిగి చూశాను. పార నేను పెట్టిన చోటే ఉంది.

ఆ తర్వాత మనిషి కళ్లెదుట నిలబడితే తప్ప తలుపు ఎత్తనివ్వలేదు. బావ మనవల్ని ఎత్తుకునేదాకా బతికాడు. మంచం పట్టాక కూడా నా చెయ్యి పట్టుకుని అడిగేవాడు, "నిజం చెప్పరా, కొట్టింది నువ్వే కదూ?" అని.

కాదు బావా అనేవాణ్ణి.