బొజ్జ మీద తట్టే డాక్టరుగారు

పదిహేనేళ్ల కిందట హనుమకొండలో నన్ను చూసిన డాక్టరుగారు మాటల్లో పిసినారి, బొజ్జలో నాకంటే ధనవంతులు. అప్పటికే నాకు షుగరూ బీపీ ఉన్నాయి. రక్తపరీక్షలో ఈఎస్ఆర్ ఎక్కువ వచ్చిందనీ, ఒంట్లో ఎక్కడో వాపు ఉందనీ చెప్పి ఊరుకున్నారు. ఆ వాపును పట్టిద్దామని పళ్లు చూపించాను, మోకాళ్లు చూపించాను. ప్రతిసారీ ఆయన తన బొజ్జ మీద మెల్లగా తట్టుకునేవారు. పాపం, ఆకలేమోనని మర్నాడు మా ఆవిడ చేసిన సకినాలు డబ్బా నిండా పట్టుకెళ్లాను.

ఆయన ఒకటి కొరికి, "వాపు గీ బొజ్జలనే ఉన్నదని చెప్తాన. నీకూ, నాకూ. నువ్వేమో దాన్నే మేపవడ్తివి!" అన్నారు.

ఆయన ఇప్పుడు లేరు. గుర్తొచ్చినప్పుడల్లా నా బొజ్జ మీద అలాగే తట్టుకుంటాను. మా ఆవిడ వెంటనే కంచం పెడుతుంది. వద్దని ఇంతవరకూ అనలేదు.