పళ్లెంలో నిలబడ్డ రోకలి

కరీంనగర్‌లో మా మనవరాలి బడికి భౌతికశాస్త్ర సంఘం వాళ్లు ఈ ఏడాదంతా వస్తూనే ఉన్నారు. టెలిస్కోపులో చంద్రుణ్ణి చూపించారు, గాజుముక్కతో రంగులు విడదీశారు. నిన్న చివరి కార్యక్రమంలో ఒకాయన ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టాడు.

"గ్రహణంతోటి దీనికేం సంబంధం లేదు పిల్లలూ. అడుగు సాపుగ ఉంటె ఏ రోజైన నిలబడ్తది" అన్నాడు.

నేను చదువుకున్న విషయమే. అయినా చేతిలోని నీళ్ల సీసాను గట్టిగా పట్టుకున్నాను.

మీ ఇళ్లల్లోనూ గ్రహణం రోజు ఇలాగే నిలబెట్టేవారు కదా? రోకలి పడితేనే గ్రహణం విడిచినట్టు. అప్పటిదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదు. నా చిన్నప్పుడు ఒక సూర్యగ్రహణం నాడు చెన్నూరులో మా ఇంటి తలుపులన్నీ మూసి ఉన్నాయి. గరిక వేసిన బిందె పక్కనే మా చెల్లె జ్వరంతో కాలిపోతోంది.

"అత్తా, పెదవులు ఎండుతున్నయ్. జర నీళ్లు పోస్త" అంది అవ్వ, మా అమ్మ.

"రోకలి పడేదాంక గుటక గూడ వద్దు. పోస్తె పిల్ల దక్కది" అంది నాయినమ్మ.

చెల్లె కళ్లు తేలేసింది. అవ్వ లేచి, కొంగు సర్దుకుంటున్నట్టే పళ్లేన్ని కాలితో కదిపింది. రోకలి దబ్బున పడింది.

"ఇడిసిందత్తా!" అంటూ బిందెలో చెంబు ముంచింది.

తలుపు సందులోంచి చూశాను. వాకిట్లో ఇంకా గ్రహణపు మసకే. ఆ సంగతి నాయినమ్మకు చెప్పలేదు. చెల్లె మింగిన ప్రతి గుటకకూ, ఇక దక్కదేమో అనుకున్నాను.

చెల్లె బతికింది. నిన్న వేదిక మీద రోకలి పడగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను నీళ్ల సీసా మూత తీసి మనవరాలికి అందించాను.

"దూప అయితలేదు నానమ్మా."

"అయినా తాగు" అన్నాను.