ఉప్పు తగ్గించిన తొట్టి

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఏలూరులో మా ఇంట్లో అద్దాల తొట్టిలో సముద్రపు చేపల్ని పెంచేదాన్ని. ఒకసారి నారింజ రంగు చేప ఒంటి మీద తెల్లచుక్కలు లేచాయి. మిగతావాటికి అంటకుండా దాన్ని వేరే తొట్టిలోకి మార్చాను. ఉప్పు బాగా తగ్గిస్తే ఆ చుక్కల పురుగు చస్తుంది, చేప మాత్రం తట్టుకుంటుంది. అందుకని రోజూ కొంత ఉప్పునీళ్లు తోడేసి మంచినీళ్లు పోసేదాన్ని.

విచిత్రమేమిటంటే, సాయంత్రం తగ్గించిన ఉప్పు పొద్దున్నకి పెరిగేది. ఉప్పు కొలిచే మీటరు పాడైందని, అమ్మిన షాపతనికి ఫోన్ చేసి దులిపేశాను కూడా.

మూడో రోజు పొద్దున్నే చూద్దును కదా, ఆ వారమే ఆకివీడు నుంచి వచ్చిన మా మావయ్యగారు ఆ తొట్టిలో గుప్పెడు కల్లుప్పు వేస్తున్నారు.

"ఏంటండీ ఈ పని!" అని అరిచేశాను. ఆయన మీద గొంతు పెంచడం అదే మొదలు.

"చేపకి జబ్బు చేస్తే ఉప్పే కదమ్మా మందు? మన చెరువుల్లో అదేగా చల్లుతాం," అన్నారాయన బిత్తరపోయి.

"అవి మంచినీటి చేపలండీ. ఇది ఉప్పునీళ్లలోనే పుట్టింది. దీనికి ఉప్పు తగ్గించడమే మందు."

మర్నాటి నుంచి ఆయనే చెంబుతో మంచినీళ్లు తెచ్చి, నేను చెప్పాకే పోసేవారు.

కొన్ని వారాలకి చుక్కలన్నీ పోయి, చేప మేతకి ఎగబడసాగింది. ఇక ఉప్పు మెల్లగా పెంచాలి. ఉప్పు డబ్బా తీసి ఆయన చేతికే ఇచ్చాను. జీవితమంతా చెరువుల్లో బస్తాల కొద్దీ కుమ్మరించిన మనిషి, చెంచా పట్టుకుని తొట్టి మీదికి వంగి, "ఎంతమ్మా?" అని అడిగారు.