ఇప్పనూనె పేరుకున్న పొద్దు

రాజకుమారి ఒకచోట కూర్చోదు. అన్నం కంచంతో గుమ్మం దాకా నడుస్తుంది, ఫోనులో మాట్లాడుతూ కాఫీ తోట చుట్టి వస్తుంది. "కాలు నేల మీద నిలవదేటే నీకు?" అని తల్లి కనక కసురుతూనే ఉంటుంది. పనసకాయల్ని వేళ్లతో తట్టి చెవి ఆనించే ఆ పిల్ల, డిప్లొమా చదివి, ఇప్పుడు బోల్టుల లోపలి చప్పుడు వినే ఉద్యోగంలో ఉంది.

ఆ చప్పుడు మనిషి చెవికి అందదు. బోల్టు తల మీద ప్రోబ్ అనే చిన్న బిళ్ల ఆనిస్తే శబ్దం చివరిదాకా పోయి తిరిగొస్తుంది. ఆ రాకపోకల్ని బట్టి పొడవు తెలుస్తుంది. బిగించిన బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. ఎంత సాగిందో అదే బిగువు. ముందుగా, పొడవు తెలిసిన ఉక్కుముక్క మీద పరికరానికి జీరో పెట్టాలి. ప్రోబుకీ ఉక్కుకీ నడుమ గాలి చొరకుండా జెల్ పూయాలి.

ఆ డిసెంబరులో ఆమెను తొలిసారి ఒంటరిగా పంపారు. సీలేరు పైకొండల్లో చిన్న పవర్‌హౌసు, టర్బైను మూత బోల్టులు. పని సరిగ్గా ముగిస్తే ఇక మీదట తనే వెళ్లొచ్చు. లేదంటే మళ్లీ సీనియర్ సాయినాథ్ వెనక పరికరం పెట్టె మోయడమే.

పొద్దున మంచు లోపలికీ వచ్చింది. ఉక్కు ముట్టుకుంటే వేలు జివ్వుమంది. జీరో పెట్టేసరికి జెల్ ట్యూబు బుస్సుమని ఖాళీ అయిపోయింది. చేతుల పగుళ్లకని తల్లి ఇచ్చిన ఇప్పనూనె సీసా సంచిలో ఉంది. వేలితో తీసి బోల్టుల తలలకు పూసింది. బిగించకముందు పొడవుల అంకెలు వచ్చాయి. హమ్మయ్య అనుకుంది.

మధ్యాహ్నం ఫిట్టర్ కొండబాబు బిగించడం మొదలుపెట్టాడు. ఎంత బిగించినా బోల్టు సాగినట్టు పరికరం చూపదు.

"ఇంకాస్త, అన్నా."

"ఇంకెంతే గుంటా! కొండ పీకమన్నావేటి?"

"ఇంకొంచెం."

స్పానర్ మూలిగింది. ఆ మూలుగు ఆమెకు నచ్చలేదు. బయటికి వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. కిటికీ గట్టు మీద తాను పెట్టి మరిచిన సీసా ఎండలో ఉంది. అందులో నూనె తేనెలా తేటగా కదులుతోంది.

పొద్దున అది తెల్లగా, వెన్నలా ఉంది.

ఆమె కాళ్లు ఆగిపోయాయి. గడ్డకట్టిన నూనె మందాన్ని కూడా పరికరం బోల్టు పొడవులో కలిపేసుకుంది. ఇప్పుడు మధ్యాహ్నపు వేడికి అది కరిగి పలచబడింది. బోల్టు సాగడం లేదనుకుని, అది తెగేదాకా తాను బిగించమంటోంది. ఒక్కో తల మీద ఒక్కో మందం పూసింది కనుక లెక్కవేసి సరిదిద్దడానికీ లేదు. సాయంత్రం నీళ్లు వదులుతారు. చెబితే పెట్టె మోత. చెప్పకపోతే ఆ నీళ్ల ఒత్తిడికి బోల్టులు తెగుతాయి.

"ఆపన్నా!" అని ఇంజనీరు దేవీప్రసాద్ వైపు తిరిగింది. "సార్, పొద్దున నేను తీసిన కొలతలు తప్పు. అన్నీ. జెల్ అయిపోయిందని ఇప్పనూనె రాశాను. చలికి పేరుకుని ఉంది."

ఆయన కిటికీ గట్టు మీది సీసా వైపు చూశాడు. "చలికి ఇప్పనూనె పేరుకుంటుందని కొండపిల్లవి, నీకు తెలీదా?"

"తెలుసు సార్. వంటింట్లో తెలుసు. ఇక్కడ గుర్తు రాలేదు."

ఆయన ఆమెను పంపిన కంట్రాక్టరుకు ఫోను చేశాడు. జెల్ పంపమన్నాడు. సాయినాథ్‌నీ పంపమన్నాడు. నీళ్లు వదలడం మర్నాటికి వాయిదా వేశాడు.

"బిగించమన్నంతసేపు నేదు, అప్పుడే ఊడదీయమంతంది," కొండబాబు స్పానర్ ఎత్తాడు. "నీ మొగుడయ్యేవోడి గతి ఏటౌద్దో!"

ఆమె నవ్వలేకపోయింది. బోల్టులు వదులయ్యేకొద్దీ గుడ్డతో ఒక్కో తలా మెరిసేదాకా తుడిచింది. అప్పటికే అతిగా సాగిన రెంటిని తీసేసి కొత్తవి వేశారు.

మర్నాడు సాయినాథ్ వచ్చాడు. ఉక్కుముక్కను బోల్టుల పక్కనే పెట్టి, "చలికి ఉక్కు పొడవూ మారుతుంది. రెండూ ఒకే చల్లదనానికి వచ్చేదాకా కూర్చో" అని టీకి వెళ్లిపోయాడు. ఎక్కడా కూర్చోని మనిషి ఒక చేయి ముక్క మీద, ఒక చేయి బోల్టు మీద వేసి కూర్చుంది. మోకాలు మాత్రం ఆడుతూనే ఉంది. తిరిగొచ్చాక ప్రోబ్ ఆయనే పట్టాడు. దాని తీగ ఆమె పట్టుకుంది. కొండబాబు మళ్లీ బిగించాడు.

నీళ్లు వదిలారు. గచ్చు సన్నగా వణికింది. ఆమె చాలాసేపు చూసింది. మూత చుట్టూ ఎక్కడా చెమ్మ లేదు. పెట్టె భుజానికెత్తుకుని సాయినాథ్ వెనక జీపు వైపు నడిచింది.

"మల్లీ వొత్తావేటే?" కొండబాబు అరిచాడు.

"వస్తాను. ఇదిగో, ఈ పెట్టె మోసుకుంటూ."

"ఏదో ఒకటి మోసుకునిరా. ఆ నూనె సీసా మాత్రం మరిసిపోకు. నువ్వు బిగించమన్న బిగింపుకి నా సేతులు పగిలిపోనాయి."

ఆమె పెట్టె కింద పెట్టి, సంచిలోంచి సీసా తీసి వెనక్కి పరుగెత్తింది.