రేకు రాకెట్టు కోసం ద్రాక్షారామం దాకా

నేను పాత సైన్సు సినిమాల సామాను సేకరిస్తాను. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టకముందే తెర మీద పెట్టించేసిన సినిమాలు. వాటి పాటల పుస్తకాలు, గోడ పోస్టర్లు, హాలు ముందు అద్దాల పెట్టెలో ఉంచే స్టిల్ ఫోటోలు మా ఇంట్లో ఒక బీరువా నిండా ఉన్నాయి. కిందటేడు రాజమహేంద్రవరంలో జరిగిన ప్రదర్శనలో, కాకినాడ నుంచి వచ్చిన గవర్రాజు గారు నా బల్ల మీదికి వంగి చూసి, నలుగురూ వినేలా, "మీవన్నీ కాగితాలేనండి. వస్తువంటూ ఒక్కటీ లేదు" అన్నారు. ఆయన బల్ల మీద ఒక మరమనిషి తలకాయ ఉంది. అది కూడా నన్ను చూసి నవ్వినట్టే అనిపించింది. ఇలాంటివి నేను మరచిపోను. "ఆయన మరచిపోయేది బీపీ మాత్ర ఒక్కటే" అంటుంది మా ఆవిడ.

గవర్రాజు గారికి జవాబు ఒక క్రిస్మస్ ఫోటోలో దొరికింది. ఎవరో ఫోన్‌లో పంపారు. ద్రాక్షారామం దగ్గర ఒక పల్లెలో లూథరన్ చర్చి, దాని ముందు పొడవాటి సరుగుడు వాసం, వాసం చివర నక్షత్రం. నక్షత్రం కింద, కిరసనాయిలు డబ్బాల రేకుతో చేసిన రాకెట్టు! దాని పొట్ట మీద 'నేడే చూడండి' అని ఎర్రటి అక్షరాలు. ఒకప్పుడు డేరా సినిమావాళ్ళు ప్రచారం బండి మీద ఊరేగించిన రాకెట్టు అది. అలాంటిది గవర్రాజు గారు కలలో కూడా చూసి ఉండరు.

ఆ చర్చి పాస్టరు గారికి ఫోన్ చేసి, అమ్ముతారా అని అడిగాను.

"కోతపండగనాడు వేలంలోకి వస్తుందండి. ఎవరైనా పాడొచ్చు. కాకపోతే దానికో పద్ధతుందండి..."

"వేలం పద్ధతులు నాకు తెలుసండి" అని పెట్టేశాను. నాకెవరైనా పద్ధతులు చెప్పబోతే ఒళ్ళు మండుతుంది.

నవంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున నిడదవోలులో ప్యాసింజరు ఎక్కాను. చేతిసంచిలో పాత దుప్పటి, కొబ్బరితాడు. కొవ్వూరు దాటి వంతెన మీదికి వచ్చేసరికి గోదావరి మీద ఇంకా మంచు విడలేదు. కిటికీ పక్కనాయన మంచు చూడకుండా నిద్రపోతూ కిటికీ మాత్రం వదల్లేదు. రాజమహేంద్రవరంలో దిగి టిఫిను చేశాను. నేను తినే హోటలుకి ఎదురుగా ఇంతకంటే మంచి హోటలొకటి ఉంది. ఏడేళ్ళ క్రితం అక్కడ నాకు చట్నీ రెండోసారి వెయ్యలేదు. అప్పటినుంచి ఇక్కడే తింటున్నాను. ఇక్కడ చట్నీ బాగుండదు.

ఏడుంబావుకి యానాం బస్సు. పక్కసీట్లో ఖాళీ చేపల గంపతో ఒకావిడ కూర్చుంది. సరుకు కోసం యానాం వెళ్తోందట. నా సంచిలోకి తొంగి చూసింది.

"దుప్పటెందుకండి? రాత్రికి ఉండిపోతారా?"

"రాకెట్టు చుట్టడానికండి."

"ఎక్కడికి తీసుకెళ్తారండి?"

"నిడదవోలు."

"అంత దూరం ఎగరలేదాండి అది?"

బస్సులో సగంమంది నవ్వారు. కండక్టరు కూడా నవ్వాడు. ఆ బస్సు నంబరు నాకు గుర్తుంది.

తొమ్మిదింటికి ద్రాక్షారామంలో దిగి, భీమేశ్వరస్వామి గోపురానికి దూరం నుంచే దండం పెట్టి, ఇరవై రూపాయలిచ్చి షేర్ ఆటోలో పల్లె చేరాను. ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో వేలం మొదలైంది. చర్చి సంఘస్థులు దేవుడికి తెచ్చిన మొదటి పంట: వడ్లబస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు. పాట పెట్టేది స్కూల్లో చెప్పే ప్రసాదు మాస్టారు. ఒకాయన బజారు ధరకి మూడింతలు పెట్టి పుంజుని పాడుకున్నాడు. డబ్బు చర్చికి కట్టి, పుంజుని తిరిగి బల్ల మీదే పెట్టేశాడు. దాన్ని ఇంకొకాయన పాడుకున్నాడు, ఆయనా పెట్టేశాడు. లెక్క తెలియని మనుషులని జాలిపడ్డాను.

చివరికి రాకెట్టు వచ్చింది. మనిషంత ఎత్తు, వెండిరంగు. ముక్కు కొంచెం వంకర. నాకు పోటీగా పాడింది ఒక్కరే, ముందువరసలో కూర్చున్న సుగుణమ్మగారనే ముసలావిడ.

"బాబుగారికి రేకుముక్కెందుకంటారు మాస్టారూ? ఇంట్లో బొక్కెన చిల్లడిందేమో!" అందావిడ.

మళ్ళీ నవ్వులు. అంతవరకు రాకెట్టు కోసం పాడిన నేను ఆ క్షణం నుంచి బొక్కెన కోసం పాడాను. ఆవిడ ఆగిపోయేదాకా పాడాను. చప్పట్లు కొట్టారు. డబ్బు కట్టి, రసీదు జేబులో పెట్టుకుని, దర్జాగా దుప్పటి పరిచాను.

చప్పట్లు ఆగిపోయాయి.

"దుప్పటెందుకండి?" అన్నారు మాస్టారు.

"చుట్టి తీసుకెళ్ళడానికి."

"ఇది ఎవరింటికీ వెళ్ళదండి. పాడుకున్నవారు క్రిస్మస్ ముందురోజు సాయంత్రం తాడు లాగి పైకెక్కిస్తారు. మళ్ళీ ఏడు మళ్ళీ పాటే."

"ఫోన్లో చెప్పబోయానండి" అన్నారు పాస్టరు గారు, పాపం, తప్పు తనదైనట్టు.

"గట్టిగా చెప్పాలి కదండీ! పాడుకున్న వస్తువు నాది. పైవాళ్ళకి ఫిర్యాదు రాస్తాను" అన్నాను. పైవాళ్ళెవరో నాకే తెలియదు. రాయడం మాత్రం నాకు అలవాటు.

సుగుణమ్మగారు లేచి వచ్చింది. "తీసుకెళ్ళనివ్వండి మాస్టారూ. ఎక్కడ పెడతారు బాబుగారూ?"

"అద్దాల బీరువాలో."

"లోపలా?" అంది. రాకెట్టు వంకరముక్కు మీద చెయ్యి వేసింది. "డేరా సినిమా వచ్చినప్పుడు దీని బండి తోలింది మా ఆయనేనండి. ముందు డప్పు, వెనక ఇది. డేరా ఎత్తేసినప్పుడు దీన్ని ఇక్కడే వదిలేసి పోయారు. టిక్కెట్టు కొనలేక సినిమా నేను చూళ్ళేదు. ఇదే చూశాను. ఊరంతా ఇదే చూసింది. ఏటా పాడతాను, ఏటా ఎవరో ఒకరు నాకంటే పైకి పాడేస్తారు."

నేను రాకెట్టు పొట్ట మీది అక్షరాలు చూశాను. ఏళ్ళ తరబడి రంగుమీద రంగు వేసి నిలబెట్టారు. బీరువాలో పెడితే ఆ మాట చదివేది నేనూ మా ఆవిడా. ఆవిడ చదవదు.

దుప్పటి మడిచేశాను. "తాడు ఇద్దరం కలిసి లాగుదామండి మామ్మగారూ" అన్నాను. చాలా గొప్ప మాట అన్నాననుకున్నాను.

ఆవిడ నా చేతులు చూసింది. "మీరు పక్కన నిలబడండి, చాలు. కాగితాలు తిప్పే చేతుల్లా ఉన్నాయి."

ఎక్కడికెళ్ళినా నాకిదే మాట! తర్వాత చర్చిలో అందరికీ పెట్టిన ప్రేమవిందు భోజనంలో కోడికూర మాత్రం అడగకుండానే రెండోసారి వడ్డించారు. ఇదీ గుర్తుంచుకుంటాను. బయల్దేరేటప్పుడు సుగుణమ్మగారు ఒక గుమ్మడికాయ ఇచ్చింది. తెచ్చుకున్న దుప్పటిలో దాన్నే చుట్టి, తెచ్చుకున్న తాడుతోనే కట్టాను.

సాయంత్రం రైలు వంతెన మీదుండగా గవర్రాజు గారికి ఫోన్ చేశాను.

"వస్తువు దొరికిందండి. ప్రచారం బండి రాకెట్టు!"

"ఎక్కడ పెట్టారు?"

"బయటే ఉంచాం. ఊరంతా చూస్తుంది."

"మరి మీ దగ్గరేముందండి?"

జేబు తడుముకున్నాను. "రసీదుందండి."

"అదీ కాగితమేగా!" అని నవ్వి పెట్టేశారు.

ఈ దారిన వెళ్ళాలనుకునేవారికి చెప్పేదేమంటే, యానాం బస్సులో ఎడమవైపు కూర్చోండి, ఎవరైనా పద్ధతి చెప్పబోతే చివరిదాకా వినండి, సంచి మాత్రం తెరిచి ఉంచకండి. డిసెంబరుకి నేను రెండు టిక్కెట్లు తీస్తున్నాను. రెండోది గవర్రాజు గారికి. నా బల్ల మీదికి వంగి చూసిన మనిషి, ఆ సాయంత్రం సుగుణమ్మగారు తాడు లాగుతుంటే, మెడ పైకెత్తి చూడాలి.