నర్సు చేతి తడి

హాలీవుడ్‌లో గోవర్ వీధి చుట్టూ ఉన్న చిన్న స్టూడియోల్లో వారానికో హత్య జరిగేది. హంతకుణ్ణి శనివారంలోగా పట్టుకోవాలి. సోమవారం అదే మేడమెట్ల మీద ఇంకో సినిమా మొదలవుతుంది.

అది 1938. అలాంటి ఒక స్టూడియోలో వెర్నా దొలెజాల్ పని, కెమెరా ముందు జరిగిందల్లా రాసిపెట్టడం. ఏ షాట్‌లో ఎవరెక్కడ నిలబడ్డారు, సిగరెట్ ఏ చేతిలో ఉంది, గోడ గడియారం ఎంత చూపించింది, అన్నీ ఆమె పుస్తకంలో ఉండేవి. నెబ్రాస్కాలో టైపు నేర్చుకుని వచ్చిన ముప్పై ఏళ్ల మనిషి. కథలో దొంగెవడో అందరికంటే ముందు తెలుసుకోవాలన్న తహతహ ఆమెకి పుట్టుకతో వచ్చింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం గుడ్డు శాండ్‌విచ్ తింటూ ఆ పుస్తకం తిరగేస్తున్న వెర్నా నమలడం ఆపేసింది. కథలో, ముసలి ధనవంతుణ్ణి రాత్రి తొమ్మిదింటికి తోటలోని నీళ్లతొట్టిలో ముంచి చంపింది లాయరు. మంగళవారం తీసిన షాట్‌లో ఆ లాయరు, తొమ్మిది చూపిస్తున్న గడియారం కిందే మరో ముగ్గురితో పేకాడుతున్నాడు!

డైరెక్టర్ ఆరిన్ ట్యాబ్ దగ్గరికి పరిగెత్తింది.

"ట్యాబ్ గారూ, మన లాయరు చంపలేదండీ."

"వాడు చంపకపోతే నేను చంపుతా. గడియారం ఎవడు చూస్తాడమ్మా?"

"టిక్కెట్టు కొన్నవాడు ఇంకేం చూస్తాడండీ? వచ్చేదే అందుకాయె!"

ట్యాబ్ తల పట్టుకున్నాడు. పేకాట తీసిన హాలు సెట్టు పొద్దున్నే విప్పేశారు. మిగిలింది తోట ఒక్కటే, హంతకుడు నేరం ఒప్పుకునే సీను మర్నాడు అక్కడే తీయాలి.

"అయితే ఎవరు చంపారో నువ్వే చెప్పు," అన్నాడు ఎకసెక్కంగా.

వెర్నా నిజంగానే వెతికింది. పేకాటలో నలుగురు. వంటమనిషి వంటింట్లో, మేనకోడలు పియానో ముందు. ఇక తొమ్మిదింపావుకి పాలగ్లాసు తెచ్చే నర్సు. రెండే మాటలున్న వేషం. దాని పక్కన తన రాతే కనిపించింది: 'కుడి చెయ్యి మోచేతి దాకా తడి. తప్పు.' ఆ వేషం వేసిన హేజెల్ క్విస్ట్ షాట్‌కి ముందు కాఫీ ఒలకబోసుకుని, కుళాయి కింద కడుక్కుని వచ్చింది.

వెర్నా ఆ పేజీ తీసుకెళ్లి హేజెల్‌కి చూపించింది. సాక్ష్యం మూడు రోజులుగా తన ఒళ్లోనే ఉంది!

"నేనా? నేనెందుకు చంపానట?" అంది హేజెల్, నోరు తెరిచి.

"ఇరవై ఏళ్లుగా పాలు పట్టుకెళ్తున్నావు. ఒక్కరోజైనా ముసలాడు నిన్ను పేరు పెట్టి పిలిచాడా?"

"లేదు," అంది హేజెల్ మెల్లగా. "స్క్రిప్టులో నాకు పేరే లేదు."

మర్నాడు కెమెరా ముందు కూడా ఆమె ఆ 'లేదు'ని అలాగే అంది. ట్యాబ్ రెండోసారి తీయలేదు.

నెల తర్వాత వెర్నా, హేజెల్ కలిసి ఆ సినిమా చూడ్డానికి వెళ్లారు. తడి చెయ్యి తెరమీదికి రాగానే ముందు వరసలో ఒకాయన గొణిగాడు, "ఇదే చంపింది."

"ఊరుకుందురూ! నర్సమ్మ పాపం," అంది ఆయన భార్య.

హేజెల్ నవ్వాపుకోలేక వెర్నా భుజంలో మొహం దాచుకుంది.

తర్వాతి సోమవారం ట్యాబ్ వెర్నా చేతికి కొత్త స్క్రిప్టు ఇచ్చాడు. చివరి నాలుగు పేజీలు లేవు.

"పోయాయా అండీ?"

"రాయలేదు. ఎవరు చంపారో నువ్వే చూసి చెప్పు."

సాయంత్రం ట్రామ్‌లో చదవడం మొదలుపెట్టిన వెర్నా, దిగాల్సిన చోటు దాటి సముద్రం దాకా వెళ్లిపోయింది.